డీలర్లకు మాత్రమే వినిపించే పాడ్‌కాస్ట్‌కు ఏ యాప్ మేలు?

గుంటూరులోని ఒక విత్తన సంస్థలో ప్రచార విభాగం చూస్తున్నాను. నెలనెలా పంపే కరపత్రాల కట్ట విప్పకుండానే కొట్టు మూలన పడి ఉండడం కళ్లారా చూశాక, డీలర్ల కోసం పదిహేను నిమిషాల పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాము. బండి మీద వెళ్తూ కూడా వింటున్నారు. చిక్కల్లా ఒకటే, కమీషన్ వివరాలు బయటికి పొక్కకూడదు. ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో ఆర్‌ఎస్‌ఎస్ చిరునామాతో (కొత్త భాగాలను యాప్‌కు అందించే వెబ్ లింకు) ప్రైవేటు ఫీడ్, అంటే అందరికీ కనిపించని ప్రసారం, చేర్చుకోవచ్చు గానీ, మా వాళ్లలో ఐఫోన్ ఉన్నవారు నలుగురైదుగురే. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసిపెట్టిన గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది. వాట్సాప్‌లో పంపితే క్షణంలో పోటీదారు చేతికి చేరుతుంది (ఒకసారి చేరింది కూడా). ఒక్కొక్క డీలరుకు విడి లింకు ఇచ్చి, మానేసినవారిది రద్దు చేసే పద్ధతిని నడిపినవారు ఎవరైనా ఉంటే, ఏ యాప్ వాడారో, దాన్ని నేర్పడానికి ఎంత శ్రమ పట్టిందో దయచేసి తెలుపగలరు.