ట్రైనర్ వద్దంటే ఇక ఆట లేనట్టేనా?

డాలస్ నాన్న:
మా అమ్మాయి పదో తరగతి. స్కూల్ సాకర్ టీమ్‌లో ఆడుతుంది. పోయిన వారం మ్యాచ్‌లో హెడర్‌కి ఎగిరినప్పుడు అవతలి పిల్ల తలా దీని తలా గట్టిగా కొట్టుకున్నాయి. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. అర నిమిషంలో లేచి జుట్టు సరిచేసుకుని నిలబడింది. ఇంతలో స్కూల్ అథ్లెటిక్ ట్రైనర్ పరిగెత్తుకొచ్చి, బెంచ్ మీద కూర్చోబెట్టి ఏవో ప్రశ్నలడిగి, ఒంటికాలి మీద నిలబెట్టి చూసి "ఈ రోజుకి నీ ఆట అయిపోయింది" అంది.

మర్నాడు ఇక్కడి డాక్టర్‌కి చూపిస్తే కంకషనే (తల అదిరి మెదడుకి తగిలే దెబ్బ) గానీ తేలికపాటిదన్నాడు. మూడో రోజుకల్లా పిల్ల మామూలైపోయింది. న్యూజెర్సీలో డాక్టర్‌గా చేస్తున్న మా బావమరిది వీడియో కాల్‌లో చూసి "ఏం పర్లేదు బావా, ఆడించు" అన్నాడు. ట్రైనర్ మాత్రం కసరత్తు కొద్దికొద్దిగా పెంచుతూ ఒక్కో మెట్టూ దాటించాకే ఆటకి పంపుతానంది. ఈలోగా ప్లేఆఫ్ మ్యాచ్ కాస్తా అయిపోయింది. ఆ మ్యాచ్ కోసం పిల్ల మూడేళ్లుగా పొద్దున్నే ఆరింటికి లేచింది.

నా ప్రశ్న ఒక్కటే. ఆవిడ డాక్టర్ కాదు, కన్నతల్లీ కాదు. డాక్టరూ మేమూ సరేనన్నా ఆవిడ మాటే ఎందుకు చెల్లాలి?

సీమ దోశ:
అన్నా, ఇదంతా లాయర్ల భయం. మా వాడికి చీలమండ బెణికితే వారాల తరబడి కాలు కదలకుండా పట్టే బూటు వేసి కూర్చోబెట్టారు. మా చిన్నప్పుడు చెయ్యి విరిగితే మా నాయన పుత్తూరు కట్టు కట్టించుకొచ్చి, మళ్ళీ సోమవారం బడికి పంపినాడు. ఇప్పటికీ ఆ చేత్తోనే క్రికెట్ ఆడుతున్నా.

నైట్ డ్యూటీ:
దోశ గారూ, పుత్తూరు కట్టు ఎముకకి. మెదడుకి కట్టు ఎక్కడ కడతారు?

హ్యూస్టన్‌లో ఎమర్జెన్సీ వార్డు నర్సుని. ముందు ఒక మాట: అథ్లెటిక్ ట్రైనర్ అంటే జిమ్‌లో డంబెల్స్ ఎత్తించే ట్రైనర్ కాదు, ఆటగాళ్ల గాయాలు చూసుకోవడానికి చదువుకున్న మనిషి. మనవాళ్లలో సగంమంది అలాగే అనుకుంటారు. ఈ వృత్తికి అందరికంటే ముందు లైసెన్సు పెట్టిందే టెక్సాస్, 1971లో. ఇప్పుడు కొత్తగా ఈ వృత్తిలో జాతీయ సర్టిఫికెట్ కావాలంటే మాస్టర్స్ చదవాలి.

తలకి దెబ్బ తగిలిన పిల్లల్ని ఆటలోంచి ఆపాలనే చట్టం ఎందుకొచ్చిందంటే, 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ట్ అనే 13 ఏళ్ల కుర్రాడు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదటి సగంలో తలకి దెబ్బ తిని, రెండో సగంలో మళ్ళీ ఆడాడు. మ్యాచ్ అయ్యేసరికి కుప్పకూలాడు. మెదడుకి ఆపరేషన్, నెలల తరబడి కోమా. 2009లో అతని పేరుతోనే అక్కడ చట్టం చేశారు. 2014కల్లా 50 రాష్ట్రాల్లోనూ అలాంటివి వచ్చాయి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ఏమవుతుందో మా వార్డులో చూసిన వాళ్ళెవరూ "తేలికపాటిది" అనే మాటని తేలిగ్గా తీసుకోరు.

డాలస్ నాన్న గారూ, మీ ప్రశ్నలోనే ఒక పొరపాటుంది. చివరి మాట ట్రైనర్‌ది కాదు. టెక్సాస్ చట్టం ప్రకారం కంకషన్ అనుమానం వస్తే కోచ్, డాక్టర్, ట్రైనర్, తల్లిదండ్రులు, వీళ్లలో ఏ ఒక్కరు చెప్పినా పిల్లని ఆటలోంచి తీసేయాల్సిందే. తిరిగి పంపడానికి మాత్రం ఏ ఒక్కరి మాటా చాలదు. మీరు ఎంచుకున్న డాక్టర్ రాతపూర్వకంగా ఇవ్వాలి, మెట్లన్నీ పూర్తవ్వాలి, మీరు సంతకం పెట్టాలి. ఆ డాక్టర్‌కి టెక్సాస్ లైసెన్సు ఉండాలి, కాబట్టి బావమరిది గారి వీడియో కాల్ లెక్కలోకి రాదు. ఇక ఆ మెట్లు ట్రైనర్ సొంతంగా పెట్టినవి కావు. స్కూల్ డిస్ట్రిక్ట్‌లో డాక్టర్‌తో కూడిన ఒక బృందం వాటిని ఖాయం చేస్తుంది. మామూలుగా అయితే తేలికపాటి సైకిల్, తర్వాత పరుగు, తర్వాత ఎవరూ తగలని ప్రాక్టీసు, ఆ తర్వాత పూర్తి ప్రాక్టీసు, చివర్న మ్యాచ్. ఒక్కో దానికి కనీసం 24 గంటలు. మధ్యలో తలనొప్పి వస్తే ఒక మెట్టు దిగాలి.

అడ్డ ప్రశ్న:
చట్టం బాగానే ఉంది. మరి జోర్డన్ మెక్‌నెయిర్ సంగతి? 2018 మే నెలాఖర్లో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ప్రాక్టీసులో వడదెబ్బతో కూలిపోయి, రెండు వారాలకి చనిపోయాడు. వయసు 19. అక్కడ ట్రైనర్లు లేరా? ఉన్నారు. మైదానంలోనే ఉన్నారు. చల్లటి నీళ్ల టబ్‌లో పెట్టలేదని యూనివర్సిటీ వేయించిన విచారణే తేల్చింది. జీతం ఇచ్చేది అథ్లెటిక్ డిపార్ట్‌మెంటే అయినప్పుడు కోచ్ కళ్లలోకి చూసి "ఆపు" అనే ధైర్యం ఎంతమందికుంటుంది? మెడలో లైసెన్సు వేలాడినంత మాత్రాన అయిపోదు.

నైట్ డ్యూటీ:
మెక్‌నెయిర్ విషయంలో మీతో వాదించను. అది ఘోరం. అయితే దాన్నుంచి నాకు తెలిసేది ట్రైనర్లు అనవసరమని కాదు, వాళ్లు కోచ్ చెప్పుచేతల్లో ఉండకూడదని. టెక్సాస్ చట్టం రాసినవాళ్లకీ ఈ అనుమానం వచ్చినట్టుంది. కంకషన్ విషయంలో ట్రైనర్ పనిని పర్యవేక్షించే మనిషి ఏ టీమ్‌కీ కోచ్ అయి ఉండకూడదని అందులోనే రాశారు. మిగతా గాయాలకి అంత గట్టి రక్షణ లేదు, ఒప్పుకుంటాను.

విజిల్ మాస్టారు:
బాబూ, అమ్మా, నేను గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా రిటైరయ్యాను. ఇప్పుడు కొడుకు దగ్గరికొచ్చి ఆర్నెల్లయింది. మనవడు క్రాస్ కంట్రీ పరిగెత్తుతాడు. వాణ్ణి దింపే వంకతో రోజూ ఆ ట్రైనర్ గదిలో ఓ మూల కూర్చుంటాను. పాపం ఆయనా ఏమీ అనడు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వరసగా వస్తారు. చీలమండకి టేపు చుట్టడం చూడాలి. పాదం తిన్నగా పెట్టించి, పట్టీ మీద పట్టీ, ఎక్కడా ముడత రాకుండా రెండు నిమిషాల్లో అయిపోతుంది. పేపర్ గ్లాసుల్లో నీళ్లు పోసి గడ్డకట్టిస్తాడు. అంచు చింపి ఆ ఐసుతో మోకాలి చుట్టూ రుద్దమంటాడు. మా కాలంలో కబడ్డీలో భుజం జారితే నేనే లాగి కూర్చోబెట్టేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎవరికీ ఏమీ కాకపోవడం నా గొప్ప కాదు.

నాకు నచ్చనిదీ ఉంది. చిన్న నొప్పికి కూడా పిల్లలు ఆ గదికి పరిగెడుతున్నారు. కొంచెం ఓర్చుకోవడం కూడా ఆటే కదా. కానీ ఒకటి గమనించాను. కోచ్ "ఎలా ఉంది?" అంటే "సూపర్ సార్" అనే కుర్రాడే ఆ బల్ల మీద పడుకోగానే "నిన్నటి నుంచి నొప్పిగానే ఉంది" అంటాడు. అప్పట్లో పీఈటీనీ నేనే, కోచ్‌నీ నేనే, డాక్టర్నీ నేనే. నాతో ఎవడూ అలా చెప్పలేదు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తానని భయం మరి.

సీమ దోశ:
మాస్టారూ, మీరు అట్ల చెప్తే నేనేం మాట్లాడాల! సరే, డబ్బు సంగతి అడుగుతా. ఇంత పెద్ద దేశంలో కూడా సుమారు మూడో వంతు హైస్కూళ్లకి ట్రైనరే లేడంట కదా. వాళ్ల పిల్లలంతా ఏమైపోతున్నారు?

అడ్డ ప్రశ్న:
ఏమీ కాకపోతే వార్తల్లోకి రారు, అంతే. ఆ స్కూళ్లలో కోచే అన్నీ చూసుకుంటాడు. హవాయిలో ప్రతి పబ్లిక్ హైస్కూల్‌కీ ట్రైనర్ ఉన్నాడు, ప్రభుత్వమే డబ్బిస్తుంది. కాలిఫోర్నియాలో అయితే అసలు లైసెన్సే అక్కర్లేదు. అంత డబ్బున్న రాష్ట్రం! అందుకే పేరు చూసి మోసపోకండి, ఆ మనిషి ఏం చదివాడో అడగండి అంటున్నాను.

డాలస్ నాన్న:
అందరికీ థ్యాంక్స్. నైట్ డ్యూటీ గారూ, బావమరిది మాట చెల్లదని ఇవాళే తెలిసింది, వాడికీ చెప్పాను. పెద్దగా సంతోషించలేదు.

నా కోపం పూర్తిగా పోలేదు. పిల్లని ఆపేసిన రోజు మాకెవరూ ఫోన్ చేయలేదు, ఇంటికొచ్చాక పిల్ల చెబితే తెలిసింది. రూల్ ఎంత మంచిదైనా ఇలా చేస్తే ఎవరికైనా మండుతుంది. ఇంకోటి. రాత్రి భోజనాల దగ్గర అడిగాను, ఆ రోజు బెంచ్ మీద ఏం అడిగిందమ్మా అని. నెలల పేర్లు వెనక్కి చెప్పమందట. డిసెంబర్, నవంబర్, అక్టోబర్... అక్కడ ఆగిపోయిందట. "తర్వాత ఏంటో రాలేదు నాన్నా. మ్యాచ్ మిస్సవుతానని నీకు చెప్పలేదు" అంది. వాళ్లమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

బుధవారం మూడో మెట్టు.

విజిల్ మాస్టారు:
మంచిదయ్యా. నైట్ డ్యూటీ అమ్మా, నాదో చిన్న సందేహం. ఇక్కడ మైదానం పక్కన ఐసు నీళ్ల టబ్ పెడతారు. మా ఊళ్లో మార్చి నుంచే ఎండ మండిపోతుంది. వడదెబ్బ తగిలితే తడిగుడ్డ వేసి, మజ్జిగ తాగించి, ఆటో కోసం చూస్తాం. మా స్కూల్లో టబ్ కొనే దిక్కు లేదు. ఏం చేయాలి?

నైట్ డ్యూటీ:
మాస్టారూ, స్పృహ సరిగ్గా లేని పిల్లాడికి మజ్జిగే కాదు, నీళ్లు కూడా తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టబ్ లేకపోతే టార్పాలిన్ పట్టా చాలు. 108కి ఫోన్ చేస్తూనే పట్టా మధ్యలో పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, ఐసూ నీళ్లూ పోసి అటూ ఇటూ ఊపుతూ ఉండండి. తల మాత్రం నీళ్లకి పైనే ఉండాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి తరలించాలి. ఆటో వచ్చిందని మధ్యలో ఆపకండి.

విజిల్ మాస్టారు:
పట్టా అయితే ఉంది, వడ్లు ఆరబోసుకునేది. ఐసు సోడా బండి వాడి దగ్గర దొరుకుతుంది. నా తర్వాత వచ్చిన పీఈటీకి రేపే ఫోన్ చేసి చెబుతాను.