అరబ్బులు ఒకప్పుడు అమెరికా అండ కోరుతూ అర్జీలు పెట్టుకున్నారన్నది నిజమేనా?

ప్రశ్న (ఖోబర్ ప్రవాసి):

నమస్కారం. నేను సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్‌లో పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. మా కార్యాలయంలో లెక్కలు చూసే పెద్దాయన ఒకరున్నారు. వారిది నాబ్లుస్ నుంచి జోర్డాన్‌కు తరలివెళ్లిన పాలస్తీనా కుటుంబం. మొన్న మధ్యాహ్నం టీ తాగుతుండగా మాట వార్తల మీదికి మళ్లింది. ఆయన గ్లాసు కింద పెట్టి, "మా తాత అమెరికా వాళ్లకు అర్జీ రాసిచ్చిన మనిషి. మాకు ఎవరి పెత్తనమూ వద్దు, తప్పదంటే మాత్రం మీరే రండి అని రాసి ముద్ర వేశాడు" అన్నారు. నేను నమ్మలేకపోయాను. ఇరాక్ యుద్ధాన్ని టీవీలో చూస్తూ పెరిగిన నా తరానికి అరబ్బులు, అమెరికా అనగానే గుర్తొచ్చేవి వైరమూ, చమురూ, సైనిక స్థావరాలే. ఆయన చెప్పింది నిజంగా జరిగిందా? జరిగి ఉంటే అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా పోయింది? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు):

మీ సహోద్యోగి చెప్పింది నిజం. అది 1919 వేసవి నాటి మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన ఒట్టోమన్ సామ్రాజ్యపు అరబ్ ప్రాంతాలను ఎవరి చేతుల్లో పెట్టాలన్న ప్రశ్న పారిస్ శాంతి సభలో తలెత్తినప్పుడు, అక్కడి ప్రజలనే అడిగి తెలుసుకుందామని అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ప్రతిపాదించారు. ఆ పంపకం గురించి బ్రిటన్, ఫ్రాన్స్ 1916లోనే సైక్స్–పీకో ఒప్పందం పేరుతో రహస్యంగా మాట్లాడుకుని ఉన్నాయి కనుక, అవి తమ ప్రతినిధులను పంపకుండా తప్పుకున్నాయి. చివరికి అమెరికన్లు మాత్రమే బయలుదేరారు. ఒకరు ఓబర్లిన్ కళాశాల అధ్యక్షుడు హెన్రీ చర్చిల్ కింగ్, మరొకరు షికాగోకు చెందిన సంపన్నుడు, కుళాయిలూ వాల్వులూ తయారుచేసే వ్యాపార కుటుంబంలో పుట్టిన చార్ల్స్ క్రేన్. అందుకే దానికి కింగ్–క్రేన్ కమిషన్ అన్న పేరు నిలిచింది.

వారు జూన్ 10న జాఫా రేవులో దిగి, దాదాపు ఆరు వారాల పాటు జెరూసలేం, నాబ్లుస్, డమాస్కస్, బేరూత్, అలెప్పో వంటి పట్టణాలు తిరిగారు. ఊరి పెద్దలు, మత గురువులు, వర్తకులు, కొన్నిచోట్ల స్త్రీల బృందాలు కూడా వచ్చి తమ మాట చెప్పుకున్నాయి. మొత్తం 1,863 అర్జీలు అందాయి. (అర్జీ అన్న మాటే అరబీ మూలం నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరిందని ఇక్కడ గుర్తుచేయాలనిపిస్తోంది.) సిరియా, లెబనాన్, పాలస్తీనాలను విడదీయకుండా ఒకే దేశంగా ఉంచాలన్నవి నూటికి ఎనభై. పాలస్తీనాను యూదుల జాతీయ నివాసంగా మార్చే పథకాన్ని వ్యతిరేకించినవి నూటికి డెబ్బై రెండు. బయటి దేశపు పర్యవేక్షణ తప్పదంటే అది అమెరికాదే కావాలన్నవి సగానికి పైగా ఉన్నాయి. జులై మొదట్లో డమాస్కస్‌లో సమావేశమైన సిరియా మహాసభ దీన్ని మరింత స్పష్టంగా చెప్పింది: తమకు పూర్తి స్వాతంత్ర్యం కావాలని, సాంకేతిక, ఆర్థిక సహాయం మాత్రం అమెరికా నుంచి ఇరవై ఏళ్లకు మించకుండా తీసుకుంటామని, అమెరికా ఒప్పుకోకపోతే బ్రిటన్‌ను అడుగుతామని, ఫ్రాన్స్ మాత్రం వద్దే వద్దని తీర్మానించింది.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాచకూడదు. చాలా అర్జీలు ఒకే నమూనాను చూసి రాసినవని కమిషన్ సభ్యులే గుర్తించారు. లెబనాన్ కొండల్లోని మరోనైట్ క్రైస్తవులలో ఎక్కువమంది ఫ్రాన్స్‌నే కోరుకున్నారు. అయినా మొత్తం మీద ఆ ప్రాంతపు మనసు ఏమిటన్నది నివేదికలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆగస్టు చివరికి నివేదిక సిద్ధమైంది. అక్టోబరు 2న విల్సన్‌కు పక్షవాతం వచ్చింది, నవంబరులో అమెరికా సెనేట్ వెర్సాయ్ శాంతి ఒప్పందాన్ని తిరస్కరించింది, దాంతో అమెరికా పక్కకు తప్పుకుంది. 1920 ఏప్రిల్‌లో సాన్ రెమోలో కూర్చున్న ఐరోపా దేశాలు సిరియాను ఫ్రాన్స్‌కు, పాలస్తీనాను బ్రిటన్‌కు అప్పగించాయి. జులై 24న డమాస్కస్‌కు దగ్గరలోని మైసలూన్ వద్ద ఫ్రెంచి సేన అరబ్ దళాన్ని ఓడించి, మరునాడు డమాస్కస్‌లో ప్రవేశించింది. కమిషన్ నివేదిక అచ్చులో వెలుగు చూసింది 1922 డిసెంబరులో, అంటే ప్రజలను అడిగిన ప్రశ్నకు జవాబును ఫిరంగులు చెప్పేసిన రెండేళ్లకు. మీ సహోద్యోగి తాతగారి అర్జీ పడిన పెట్టె తెరుచుకునేసరికి ఆ ఇంటికి కొత్త యజమాని వచ్చి కూర్చున్నాడు.

జవాబు (గుంటూరు పాఠకురాలు):

మాస్టారు "ఏం జరిగింది" అన్నది చెప్పారు, "ఆ నమ్మకం ఎక్కడిది" అన్న భాగం నేను అందుకుంటాను. అది బడుల నుంచి, ముద్రణాలయం నుంచి పుట్టిన నమ్మకం. 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి మా గుంటూరు వచ్చి బడులు పెట్టడానికి ముందే, అదే దేశపు మిషనరీలు బేరూత్‌లో అరబీ అచ్చు పనిలో ఉన్నారు. 1865లో పూర్తయిన అరబీ బైబిల్ అనువాదంలో, దాన్ని పూర్తిచేసిన అమెరికన్ మిషనరీ కార్నీలియస్ వాన్ డైక్‌కు ముందే, బుత్రుస్ అల్ బుస్తానీ, నాసిఫ్ అల్ యాజిజీ వంటి అరబ్ పండితుల శ్రమ చేరి ఉంది. 1866లో పదహారు మంది విద్యార్థులతో సిరియన్ ప్రొటెస్టెంట్ కళాశాల తెరిచారు. నేడు బేరూత్ అమెరికన్ విశ్వవిద్యాలయం అంటున్నది దాన్నే. మొదటి ఏళ్లలో అక్కడ వైద్యశాస్త్రాన్ని కూడా అరబీలోనే బోధించేవారు. మతం మార్చుకున్నవారు కొద్దిమందే గాని, చదువుకుని బయటికి వచ్చిన వైద్యులు, పత్రికా సంపాదకులు ఎందరో. ఐరోపా వారిలా అమెరికాకు అక్కడ సైన్యమూ పాలనా లేవు కనుక, వచ్చినవారు పాఠం చెప్పడానికే వచ్చారని జనం నమ్మారు.

అయితే ఆ బడి తలుపు అన్ని ఆలోచనలకూ తెరిచి లేదు. 1882లో ఎడ్విన్ లూయిస్ అనే ఆచార్యుడు స్నాతకోత్సవ ప్రసంగంలో డార్విన్‌ను మెచ్చుకున్నందుకు పదవి పోగొట్టుకున్నాడు. నిరసన తెలిపిన విద్యార్థులలో తరువాతి కాలంలో కైరోలో పెద్ద సంపాదకుడైన జుర్జీ జైదాన్ ఒకరు. స్వేచ్ఛగా ఆలోచించమని నేర్పినవారే ఆలోచించినప్పుడు గద్దించారన్న బాధ ఆ తరంలో మిగిలింది.

మరో దారి వలస. లెబనాన్ కొండల నుంచి వేలమంది న్యూయార్క్ వెళ్లి వాషింగ్టన్ వీధిలో స్థిరపడ్డారు. సూదులు, దారాలు, లేసులు, జపమాలలు నింపిన కష్షా అనే మూటను వీపున వేసుకుని పల్లె పల్లెకూ తిరిగి అమ్మేవారు, ఆడవారు కూడా. ఆ డబ్బుతో స్వగ్రామాల్లో ఎర్ర పెంకుల ఇళ్లు లేచాయి. జగిత్యాల, కడప ప్రాంతాల్లో గల్ఫ్ సొమ్ముతో లేచిన డాబాలను చూసినవారికి ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు. మన పాఠకులకు తెలిసిన ఖలీల్ జిబ్రాన్ ఆ వలస బిడ్డే, 1920లో న్యూయార్క్‌లో ఏర్పడిన అరబ్ రచయితల "కలం సంఘం" ఆయన చుట్టూ అల్లుకున్నదే. అదే దేశంలో సిరియన్లు పౌరసత్వం కోసం తాము తెల్లవారమని కోర్టులో నిరూపించుకోవలసి వచ్చింది. జార్జ్ డౌ అనే వలసదారు 1915లో అప్పీలులో గెలిచాడు, ఎనిమిదేళ్ల తర్వాత ఇలాంటి వాదనతోనే వెళ్లిన మన పంజాబీ వలసదారు భగత్ సింగ్ థింద్ అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయాడు.

జవాబు (దమ్మామ్ పాతకాపు):

ఖోబర్ ప్రవాసి గారూ, ఈ కథలో ఒక ముక్క మీ ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంది. మాస్టారు చెప్పిన ఆ చార్ల్స్ క్రేనే 1931లో జిద్దా వచ్చి ఇక్కడి రాజు ఇబ్న్ సౌద్‌ను కలిశారు. ఎడారిలో నీళ్లు దొరుకుతాయేమో వెతికిపెట్టడానికి కార్ల్ ట్విచెల్ అనే ఇంజినీరును తన ఖర్చుతో పంపారు. నీటి కోసం మొదలైన ఆ వెతుకులాట చమురు మాటకు దారితీసి, 1933లో కాలిఫోర్నియా కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1938 మార్చిలో దహ్రాన్ గుట్ట మీద ఏడో నంబరు బావిలో చమురు ఉబికింది. ప్రజలు ఏం కోరుకుంటున్నారో అడగడానికి వచ్చిన మనిషి వెంటే చమురు కంపెనీ రావడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

1945 ఫిబ్రవరి 14న సూయజ్ కాలువలోని గ్రేట్ బిటర్ సరస్సులో, క్విన్సీ అనే యుద్ధనౌక మీద అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, ఇబ్న్ సౌద్ కలుసుకున్నారు. రాజుగారు గొర్రెలతో సహా ఒక యుద్ధనౌకలో ప్రయాణించి, డెక్కు మీద వేసిన గుడారంలోనే నిద్రించారు. కాళ్ల నొప్పులతో నడవలేని ఆయనకు రూజ్‌వెల్ట్ తన రెండో చక్రాల కుర్చీని బహుమతిగా ఇచ్చారు. ఇద్దరి మధ్య దుబాసీ విలియం ఎడ్డీ, సిడాన్ పట్టణంలో మిషనరీ దంపతులకు పుట్టి అరబీ మాట్లాడుతూ పెరిగినవాడు. అరబ్బులకు వ్యతిరేకంగా ఏమీ చేయనని రూజ్‌వెల్ట్ ఏప్రిల్ 5న ఉత్తరం రాసి, వారం తిరిగేసరికి కన్నుమూశారు. 1948 మే 14న ఇజ్రాయెల్ ప్రకటన అమలులోకి వచ్చిన పదకొండు నిమిషాలకే రూజ్‌వెల్ట్ తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్ గుర్తింపు ఇచ్చారు. నమ్మకం పోయింది అక్కడే.

జవాబు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు):

అక్కడితోనే పోయిందంటే నేను ఒప్పుకోలేను. 1956లో ఆస్వాన్ ఆనకట్టకు సహాయం వెనక్కి తీసుకుని ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌ను అవమానించిన అమెరికాయే, అదే ఏడాది సూయజ్ మీద దాడి చేసిన బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌లను వెనక్కి మళ్లించింది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అప్పు దొరకనివ్వకపోవడంతో బ్రిటన్ పౌండు నిలబడలేకపోయింది. ఆ వసంతంలోనే డిజ్జీ గిలెస్పీ జాజ్ బృందాన్ని అమెరికా ప్రభుత్వం డమాస్కస్, అలెప్పో, బేరూత్‌లకు పంపింది. ఆ ఏడాది చివరికి కైరోలో అమెరికా పేరు మళ్లీ గౌరవంగా వినబడింది. దాన్ని నిలుపుకోలేదు. 1958 జులైలో అమెరికా మెరైన్లు ఆయుధాలతో బేరూత్ తీరంలో దిగినప్పుడు అక్కడ సముద్ర స్నానాలు చేస్తున్నవారూ, శీతల పానీయాలు అమ్ముకునే కుర్రాళ్లూ ఎదురయ్యారు. పాఠం చెప్పడానికి వచ్చిన దేశం ఈసారి ఆ నగరానికి తుపాకీతో వచ్చింది. 1967 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత పలు అరబ్ దేశాలు అమెరికాతో దౌత్య సంబంధాలే తెంచుకున్నాయి. నమ్మకం ఒక్క రోజులో తెగలేదు, పదే పదే అందివచ్చి పదే పదే చేజారింది.

ప్రశ్న అడిగినవారు (ఖోబర్ ప్రవాసి):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఇవన్నీ మా పెద్దాయనకు హిందీ, అరబీ కలిపి వినిపించాను. 1,863 అన్న అంకె వినగానే ఆయన కాగితం తీసుకుని రాసుకున్నారు. "మా తాతది అందులో ఒకటి" అన్నారు. ఆ అర్జీలు నేటికీ ఎక్కడైనా భద్రంగా ఉన్నాయా అని అడిగారు. కమిషన్ పత్రాలు కొన్ని ఓబర్లిన్ కళాశాల గ్రంథాలయంలో ఉన్నాయని, కొన్నింటిని ఇంటర్నెట్‌లో చూడవచ్చని చదివాను. ఈ శుక్రవారం సెలవు రోజున ఇద్దరం కూర్చుని నాబ్లుస్ కాగితాలను వెతకబోతున్నాం.