అప్‌డేట్: కుంగిన లెదర్ సోఫా లేచింది

మా లెదర్ సోఫాలో మధ్య సీటు గుంతలా కుంగిపోయిందని, కొత్త ఫోమ్ వేస్తే సరిపోతుందా అని పోయిన నెల అడిగాను కదా. "ముందు తిరగేసి అడుగు చూడండి" అన్నవాళ్లకు దండం.

ఆదివారం తమ్ముడూ నేనూ బోర్లా వేశాం. అడుగున నల్లగుడ్డ పిన్నులు పీకితే సంగతి బయటపడింది: అసలు పోయినవి సీటును కింద నుంచి మోసే ఎలాస్టిక్ బెల్టులు. మూడు సాగిపోయాయి, ఒకటి చెక్క నుంచి ఊడి వేలాడుతోంది. (ఎప్పుడో పోయిన టీవీ రిమోట్ కూడా అక్కడే దొరికింది!)

సోఫా సామాన్ల షాపులో 2 అంగుళాల బెల్టు మీటర్ల లెక్కన తెచ్చాం. దాన్ని బిగుతుగా లాగి పట్టుకోవడమే కష్టం. ఒకరు లాగుతుంటే ఇంకొకరు పిన్నులు కొట్టాలి. ఆఫీసు స్టేప్లర్ దీనికి పనికిరాదు, గన్ స్టేప్లర్ కావాలి. అడ్డంగా, నిలువుగా చాప అల్లినట్టు అల్లాం.

ఫోమ్ కూడా నలిగిపోయింది కాబట్టి 40 డెన్సిటీది (ఫోమ్ ఎంత దట్టంగా ఉందో చెప్పే లెక్క) కోయించి, కవరు జిప్పు తీసి మార్చాం. లెదర్ సాగినచోట ముడతలు మాత్రం పోలేదు. ఫోమ్ అర అంగుళం మందంగా కోయించి ఉంటే కాస్త బిగిసేదేమో.

ఫోమ్ కింద ప్లైవుడ్ ముక్క వేయమన్న సలహా పాటించలేదు. బల్ల మీద కూర్చున్నట్టుంటుందని అమ్మ ఒప్పుకోలేదు.