నేనే ఆపిన కంటైనర్ రీబూట్ తర్వాత మళ్లీ లేచింది, ఎందుకు?

రాత్రి_డ్యూటీ:
ఒక డౌట్ అండి. చిన్న వీపీఎస్‌లో (అద్దె వర్చువల్ సర్వర్) డాకర్ కంపోజ్‌తో (ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే టూల్) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, వెనకాల మెయిల్స్ పంపే ఒక పైథాన్ వర్కర్ నడుస్తున్నాయి, అన్నిటికీ రీస్టార్ట్ పాలసీ (కంటైనర్ ఆగితే మళ్లీ లేపాలా వద్దా అన్న సెట్టింగ్) ఆల్వేస్ అనే పెట్టా. ఏదో పనుండి వర్కర్‌ని డాకర్ స్టాప్ కొట్టి ఆపేశా, ఆగింది, కానీ రాత్రి కర్నల్ అప్‌డేట్‌కి సర్వర్ రీబూట్ అయ్యాక చూస్తే అది మళ్లీ నడుస్తోంది, క్యూలో ఉన్న మెయిల్స్ అన్నీ పంపేసింది కూడా. ఆపింది నేనే కదా, మళ్లీ ఎవరు లేపినట్టు? ఇంకోటి, ఆ వర్కర్ అప్పుడప్పుడు దానంతటదే పడిపోయి లేస్తుంటుంది, మామూలేనా?

సుబ్బు_లైనక్స్:
ఆల్వేస్ అంటే అంతే బ్రో. చేత్తో ఆపితే అప్పటికి ఊరుకుంటుంది, డాకర్ డీమన్ (వెనకాల ఉండి కంటైనర్లను నడిపే ప్రోగ్రామ్, రీబూట్‌తో అదీ మళ్లీ మొదలవుతుంది) మళ్లీ స్టార్ట్ అయిందంటే నువ్వు ఆపిన సంగతి లెక్కలోకి రాదు. అన్‌లెస్-స్టాప్డ్ పెట్టుకో, నువ్వు ఆపితే రీబూట్ తర్వాత కూడా ఆగే ఉంటుంది, మిగతాదంతా సేమ్. డాకర్ అప్‌డేట్ --రీస్టార్ట్ ఇస్తే నడుస్తున్న కంటైనర్‌కే మారిపోతుంది, కాకపోతే కంపోజ్ ఫైల్లో కూడా మార్చు, లేదంటే రీక్రియేట్ అయినప్పుడు పాత పాలసీయే వస్తుంది.

కమాండ్_కాకి:
పడి లేవడం మామూలు కాదండి, పాలసీ ఉండబట్టి బయటపడట్లేదు. డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో రీస్టార్ట్‌కౌంట్ చూడండి, డాకర్ ఈవెంట్స్ --సిన్స్ ఇచ్చి చూస్తే డై అన్న ఈవెంట్ పక్కన ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఎలా ఆగిందో చెప్పే నంబర్) ఉంటుంది. 137 వచ్చిందంటే 128 ప్లస్ 9, అంటే సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే 9వ నంబర్ సిగ్నల్) తగిలింది, ఎక్కువసార్లు మెమరీ గొడవే. ఇలాంటి వర్కర్‌కి నేనైతే ఆన్-ఫెయిల్యూర్:5 పెడతా, అయిదుసార్లు లేపి వదిలేస్తుంది, కోడ్ 0తో, అంటే ఏ ఎర్రర్ లేకుండా, బయటికొస్తే అసలు ముట్టుకోదు. కానీ డీమన్ రీస్టార్ట్ అయితే ఇది లేపదని డాక్స్‌లోనే రాసుంది, పోస్ట్‌గ్రెస్‌కి మాత్రం పెట్టొద్దు.

రాత్రి_డ్యూటీ:
137ఏ అండి! మెమరీ లిమిట్ 256 ఎంబీ ఉంది, అదేమో పెద్ద సీఎస్‌వీ మొత్తం ఒకేసారి లోడ్ చేస్తోంది. సరే, హెల్త్‌చెక్ (కంటైనర్ సరిగ్గా పనిచేస్తోందా అని మధ్యమధ్యలో చూసే టెస్ట్) కూడా పెడితే హ్యాంగ్ అయినప్పుడు అదే రీస్టార్ట్ చేస్తుందా?

సుబ్బు_లైనక్స్:
చెయ్యదు. మామూలు డాకర్‌లో అన్‌హెల్తీ అని చూపించి ఊరుకుంటుంది, పాలసీ చూసేది లోపలి మెయిన్ ప్రాసెస్ చచ్చిందా లేదా అన్నదే. స్వార్మ్ (చాలా సర్వర్లను కలిపి నడిపే డాకర్ మోడ్) అయితే తీసేసి కొత్తది పెడుతుంది, ఒక్క వీపీఎస్‌కి అంత సీన్ అక్కర్లేదు, వర్కర్ కోడ్‌లోనే టైమౌట్ పెట్టి నాన్-జీరో కోడ్‌తో ఎగ్జిట్ చేయించు, అప్పుడు పాలసీయే లేపుతుంది. ముందు ఆ సీఎస్‌వీని ముక్కలుగా చదివించు బ్రో.