మ్యాచ్ రోజు కుర్రాళ్ళతో నిండిపోతోంది, ఫ్యామిలీలు రావడం మానేశారు.. ఏం చెయ్యమంటారు?

గంటస్తంభం_కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. మాది విజయనగరం. పోయినేడు శ్రావణమాసంలో నేనూ మా తమ్ముడూ కలిసి స్పోర్ట్స్ థీమ్‌తో చిన్న ఫ్యామిలీ రెస్టారెంట్ పెట్టాం. పద్నాలుగు టేబుళ్ళు, ఒక పెద్ద స్క్రీన్, రెండు టీవీలు, వెనకాల పిల్లలకి క్యారమ్స్, ఒక టేబుల్ టెన్నిస్ బల్ల. మందు లేదు, సిగరెట్ లేదు. మన ఊళ్ళో ఇంటిల్లిపాదీ కూర్చుని మ్యాచ్ చూస్తూ తినే చోటు ఎక్కడుంది చెప్పండి, బార్‌లో టీవీ ఉంటుంది గానీ అక్కడికి ఆడవాళ్ళనీ పిల్లల్నీ తీసుకెళ్ళలేం కదా, అందుకే పెట్టాం.

మొదట్లో బాగానే నడిచింది. నవంబర్ 2న ఆడవాళ్ళ వరల్డ్ కప్ ఫైనల్ గుర్తుందా, వాన వల్ల లేటుగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది, ఆ రాత్రి పద్నాలుగు టేబుళ్ళలో పదకొండు ఫ్యామిలీలే. మన కడపమ్మాయి శ్రీచరణి బాల్ అందుకోగానే మూల టేబుల్ దగ్గర ఒక పదేళ్ళ పాప కుర్చీ ఎక్కి నిలబడిపోయింది, వాళ్ళ నాన్నమ్మ చేతిలో దోసె ముక్క అలాగే పట్టుకుని "మన పిల్లేనా బాబూ" అని నన్ను అడిగింది. ఇలాంటి రాత్రి కోసమే కదా పెట్టింది అనిపించింది నాకు.

ఇప్పుడు ఐపీఎల్. మ్యాచ్ ఏడున్నరకైతే ఆరున్నరకే కుర్రాళ్ళు వచ్చి స్క్రీన్ ఎదురుగా టేబుళ్ళు పట్టేస్తున్నారు, ఆరుగురికి ఒక ఫ్రెంచ్ ఫ్రైస్, రెండు కూల్‌డ్రింకులు, పదకొండున్నర దాకా లేవరు. వికెట్ పడితే బూతులు. పోయిన ఆదివారం ఒకాయన భార్యాపిల్లలతో వచ్చి పది నిముషాలు కూర్చుని ఆర్డరేమీ ఇవ్వకుండానే లేచారు, వెళ్తూ "ఏమనుకోకండి బాబూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఇక మ్యాచ్ లేని రోజు ఈగలు తోలుకుంటున్నాం. అద్దె 38 వేలు, ఆరుగురికి జీతాలు. మినిమం బిల్లు పెట్టాలా, టీవీలే తీసేయాలా, ఫ్యామిలీస్ ఓన్లీ అని బోర్డు పెట్టాలా? నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

తమ్ముడూ, మాది శ్రీకాకుళం. హోటల్ నడపడం నాకు తెలీదు గానీ ఫ్యామిలీతో బయటికెళ్తే ఎక్కడికెళ్ళాలో మా ఇంట్లో డిసైడ్ చేసేది నేనే, చాలా ఇళ్ళల్లో అంతే. మేం ముందు చూసేది మెనూ కాదు, బాత్‌రూం. గడియ పడుతుందా, నీళ్ళొస్తున్నాయా, అక్కడికెళ్ళాలంటే మగపిల్లల గుంపు మధ్యలోంచి వెళ్ళాలా. ఈ మూడూ ఒకసారి మీ ఆవిడనో అక్కనో వెళ్ళి చూసి రమ్మనండి, మీరు చూస్తే తెలీదు.

తర్వాత సౌండ్. కామెంటరీ ఫుల్లుగా పెడితే పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి, పిల్లలు కాసేపటికే చిరాకుపడి ఏడుపు మొదలెడతారు. స్క్రీన్‌కి దూరంగా ఉన్న సగం హాల్లో స్పీకర్లు కట్టేయండి, మాకు స్కోరు కనిపిస్తే చాలు.

ఇంకా పిల్లల తిండి. ఇలాంటి చోట్ల అన్నీ కారమే, చికెన్ 65, లాలీపాప్, మిర్చి. ఒకచోట మా చిన్నోడికి పెరుగన్నం అడిగితే లేదన్నారు, చివరికి వాడికి ఐస్‌క్రీం ఒక్కటే పెట్టి ఇంటికి తెచ్చాను. చిన్న గిన్నెలో పప్పన్నం నెయ్యేసి, లేదంటే పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ ఉంచండి చాలు. పిల్లాడు కడుపునిండా తింటేనే తల్లి స్థిమితంగా తింటుంది.

బూతుల సంగతికొస్తే బోర్డు పెడితే ఎవరూ చదవరు. మా ఊళ్ళో ఒక హోటల్ పెద్దాయన ఆ టేబుల్ దగ్గరికెళ్ళి ఒక కుర్రాడి భుజం మీద చెయ్యేసి మెల్లిగా "నాన్నా, వెనకాల అక్కావాళ్ళు కూర్చున్నారు" అన్నాడు. అంతే, ఆ రాత్రంతా ఆ పిల్లలు నోరు జారలేదు. ఆ చోటికి మేం ఇప్పటికీ వెళ్తాం.

గోదారి_గట్టు_కిచెన్:

రాజమండ్రిలో నాలుగేళ్ళుగా ఇలాంటిదే నడుపుతున్నా. పైన అక్కగారు చెప్పింది అక్షరాలా నిజం, నేనది తెలుసుకోడానికి రెండేళ్ళు పట్టింది.

తమ్ముడూ, ఒక్క క్రికెట్‌ని నమ్ముకుంటే హోటల్ గట్టెక్కదు. టీ20 అంటే నాలుగు గంటలు టేబుల్ లాక్ అయిపోయినట్టే. అదే కబడ్డీ చూడు, 20 నిముషాల చొప్పున రెండు హాఫ్‌లు, మధ్యలో 5 నిముషాల బ్రేక్, టైమవుట్లూ రివ్యూలూ కలిపినా ఇంచుమించు గంటలో అయిపోద్ది, సరిగ్గా ఒక భోజనం టైము. 2025 ఆగస్టు ఆఖర్లో ప్రో కబడ్డీ విశాఖలో మొదలైంది కదా, తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లు పెడితే మా దగ్గరికి పల్లెల నుంచి తాతలు కూడా వచ్చారు, ఎవడు బోనస్ కొట్టాడో ఎవడు చీలమండ పట్టాడో మనవళ్ళకి వాళ్ళే చెప్తున్నారు. కబడ్డీ వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. సింధు మ్యాచ్ ఉన్నా అంతే, గంటలో తేలిపోద్ది, ఇంట్లో అందరూ చూస్తారు.

ఐపీఎల్ రోజుల్లో కిచెన్ సంగతి చెప్తా, అసలు డబ్బు పోయేది అక్కడే. పవర్‌ప్లే 6 ఓవర్లూ ఎవరూ నోరు విప్పరు, స్ట్రాటజిక్ టైమవుట్ రెండున్నర నిముషాలు, అప్పుడు హాలంతా చేతులు లేస్తాయి, ఇన్నింగ్స్ బ్రేక్‌లో ఇంకా ఘోరం. మొదటి సీజన్లో మా మాస్టర్ రెండు పొయ్యిలమీద ఇరవై ఆర్డర్లు పెట్టుకుని చెమటలు కక్కేవాడు, ప్లేట్ వెళ్ళేసరికి సెకండ్ ఇన్నింగ్స్ సగం అయ్యేది, జనం వద్దని లేచిపోయేవాళ్ళు. ఇప్పుడు మ్యాచ్ రోజు మెనూ పన్నెండు ఐటమ్స్‌కి కుదించేశాం. చికెన్ మధ్యాహ్నమే మసాలా పట్టించి పోర్షన్లుగా కట్టి ఫ్రిజ్‌లో పెడతాం. 15వ ఓవర్‌కల్లా కుర్రాడు టేబుల్ టేబుల్‌కీ తిరిగి బ్రేక్‌లో ఏం కావాలో అడిగి కేవోటీ, అదే కిచెన్‌కి పంపే ఆర్డర్ చీటీ, కొట్టేస్తాడు. బ్రేక్ పడేసరికి ప్లేట్లు కిచెన్ గుమ్మం దాటాలి, అదే మా రూలు.

రద్దీలో నూనె మార్చడం మాత్రం మర్చిపోకు. టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో పేరుకునే చెడు పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్, చూడ్డానికి మీటర్లు దొరుకుతాయి. మీటర్ లేకపోయినా నూనె చిక్కబడి రంగు తిరిగి నురగ కడుతుంటే పారెయ్, పసిపిల్లలు తినే చోటది.

మినిమం బిల్లు అనే మాట వాడకు, మొహం మీద కొట్టినట్టు ఉంటుంది. సర్వీస్ చార్జ్ అని బిల్లులో కలపడం అసలొద్దు, 2022 జులైలోనే వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ సీసీపీఏ గైడ్‌లైన్స్ వచ్చాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. మేం ఏం చేస్తామంటే స్క్రీన్ ఎదురు టేబుళ్ళు ముందే బుక్ చేసుకోవాలి, తలకి 200 కూపన్, అది మొత్తం తిండికే సర్దుబాటు. ముందే చెప్పేస్తాం కాబట్టి ఇప్పటిదాకా గొడవ రాలేదు. కూపన్ వేరు, మ్యాచ్‌కని టికెట్ పెట్టడం వేరు, దాని జోలికి వెళ్ళకు, ప్రసార హక్కులున్నవాళ్ళ అనుమతి వ్యవహారం అది.

ఇంకోటి, మ్యాచ్ దేంట్లో వేస్తున్నావ్? ఇంటికని తీసుకున్న ఓటీటీ ప్లాన్ అయితే అది సొంత వాడకానికే, హోటల్లో వెయ్యడానికి కాదు. కమర్షియల్ కనెక్షన్ గురించి మాట్లాడుకో. పైగా ఓటీటీ వెనకబడి వస్తుంది, మా ఎదురు టీకొట్టులో డీటీహెచ్, వాళ్ళు అవుట్ అని అరిచేసరికి మా స్క్రీన్ మీద బౌలర్ ఇంకా రనప్ దగ్గర బాల్ తుడుచుకుంటూ ఉండేవాడు, మావాళ్ళ మొహాలు చూడలేకపోయేవాణ్ణి.

గంటస్తంభం_కుర్రోడు:

అన్నా, ఇంటి ప్లానే వాడుతున్నాం, నిజంగా తెలీదు. రేపే కనుక్కుంటా. కేవోటీ ఐడియా ఈ రాత్రి నుంచే మొదలెడతాం. అక్కా, బాత్‌రూం గడియ మీరు అడిగాక చూశా, లేడీస్ వైపుది వదులైపోయింది, మీరు చెప్పకపోతే ఎన్నాళ్ళకి చూసేవాణ్ణో. బుకింగ్ పెడితే ఆ కుర్రాళ్ళు రారేమో, రాకపోతే పోనీ అనిపిస్తోంది ఒక పక్క, కానీ మేమూ ఆ వయసులో అలాగే ఉండేవాళ్ళం కదా అని ఇంకో పక్క బాధ.

రిటైర్డ్_పీఈటీ:

బాబూ, నేను మన జిల్లాలోనే 31 ఏళ్ళు పీఈటీగా చేసి రిటైరయ్యాను. మా మనవణ్ణి తీసుకుని మీ హోటల్‌కి ఒకసారి వచ్చాను, పెసరట్టు బాగుంది. మీ గోడలన్నీ తిరిగి చూశాను, ధోనీ ఉన్నాడు, మెస్సీ ఉన్నాడు, విజయనగరం మాత్రం ఎక్కడా లేదు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు, మనసుకి అనిపించింది చెప్తున్నాను.

మనదెలాంటి ఊరు బాబూ. 1936లో ఇండియా క్రికెట్ టీంకి కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్ళిన విజ్జీ ఇక్కడి రాజకుటుంబం వాడు, మన స్టేడియం ఆయన పేరుమీదే ఉంది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టినా పెరిగింది విజయనగరంలోనే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకి వెళ్ళండి, వెయిట్‌లిఫ్టర్ల ఊరది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొదటి భారత మహిళ, ఆవిడ బార్ పట్టడం నేర్చింది ఎక్కడో కాదు, ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో. ఇవన్నీ మన పిల్లలకి ఎవరు చెప్తారు?

అంతకంటే ముఖ్యం, స్కూలు టీంల ఫోటోలు పెట్టండి. ఒక పిల్ల ఫోటో గోడమీద ఉంటే తల్లి, నాన్నమ్మ, మేనత్త, పక్కింటివాళ్ళు అందరూ చూడ్డానికి వస్తారు, ఆరోజు ఏ మ్యాచూ ఉండక్కర్లేదు. మా ఖోఖో ఆడపిల్లలు ఒకసారి జిల్లా పోటీల్లో గెలిచారు. సాయంత్రం ఆరైంది, పొద్దుననగా తిన్నారు, వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తోచలేదు, జేబులో ఉన్నది చూసుకుని కాంప్లెక్స్‌లో తలో బన్నూ తలో అరటిపండూ కొనిచ్చాను. కుళాయి దగ్గర గ్లాసు లేకపోతే గెలిచిన కప్పులోనే నీళ్ళు పట్టుకుని వంతులవారీగా తాగారు. ఆరోజు మీలాంటి హోటల్ ఒకటి ఉండుంటే ఎంత బావుండేది. గెలిచి వచ్చిన స్కూలు టీంకి అసలు ఖర్చుకే కడుపునిండా టిఫిన్ పెట్టండి, ఓడి వచ్చినవాళ్ళకి కూడా.

ఇక ఆ కుర్రాళ్ళు. వాళ్ళలో సగంమందిని నేను పొద్దున్నే విజ్జీ స్టేడియంలో చూస్తుంటాను, ఆర్మీకనీ కానిస్టేబుల్ సెలక్షన్లకనీ పరిగెడుతుంటారు. వాళ్ళకి ఆకలి ఉంది, డబ్బు లేదు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా రెండు ఉడికించిన గుడ్లు, మొలకలు, రాగిజావ, అరటిపండు, 50 రూపాయలకి ఇవ్వండి. మీ హోటల్ ఖాళీగా ఉండే టైమే కదా అది. పొద్దున మీ చేతి జావ తాగిన పిల్లాడు రాత్రి మీ హోటల్లో బూతు మాట్లాడడు, పిల్లల్ని చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

చీపురుపల్లి_రైలు:

మాస్టారి మాటలకి దండం. నేనొక్కటే చెప్తా. కుర్రాళ్ళ మధ్యలో ఒంటరిగా కూర్చుని, స్క్రీన్ కంటే ఫోన్ ఎక్కువ చూస్తూ, ఓవర్ ఓవర్‌కీ బయటికెళ్ళి మాట్లాడొచ్చేవాడు ఉంటే వాణ్ణి మాత్రం రెండోసారి రానివ్వకండి. అది బెట్టింగ్. మా చిన్నాన్న కొడుకు ఇలాగే ఒక టీవీ ఉన్న టిఫిన్ సెంటర్లో మొదలెట్టాడు, వంద రూపాయలతో. రెండు సీజన్లు తిరిగేసరికి ఎకరం జీడితోట పోయింది, చిన్నాన్న ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడరు. ఏపీ గేమింగ్ చట్టం ప్రకారం అలాంటిదానికి చోటిచ్చినవాడి మీదా కేసు అవుతుంది, 2020లో ఆన్‌లైన్‌ని కూడా అందులో కలిపారు. కేసు సంగతి అలా ఉంచినా, మీ చోట ఒక్క కుర్రాడు కూడా అందులో పడకూడదు అన్నా.

గంటస్తంభం_కుర్రోడు:

అందరివీ చదివి తమ్ముడికి కూడా గట్టిగా చదివి వినిపించాను. మీరు చెప్పిన పోలికలతో ఒకడున్నాడు, వారం నుంచి వస్తున్నాడు, రాగానే నేనే వెళ్ళి చెప్పేస్తాను.

చేస్తున్నవి చెప్తాను. స్క్రీన్ ఎదురు నాలుగు టేబుళ్ళు కూపన్‌తో బుకింగ్, వెనకాల ఆరు టేబుళ్ళ దగ్గర స్పీకర్లు కట్టేసి అటు ఫ్యామిలీలకే. పెరుగన్నం, పప్పన్నం చిన్న గిన్నెలు రేపటి నుంచి. పొద్దున జావ, గుడ్లు సోమవారం మొదలు, మా అమ్మ తానే కాస్తానంది, జావలో ఉల్లిపాయా మజ్జిగా పడాలట.

మాస్టారూ, గోడ మీద ఫోటోలన్నీ తీసేస్తున్నాం. ధోనీది మాత్రం తమ్ముడు దించనివ్వట్లేదు, 2005 ఏప్రిల్ 5న వైజాగ్‌లో పాకిస్తాన్ మీద 148 కొట్టినప్పుడు మా నాన్న స్టేడియంలోనే ఉన్నారు, ఆ టికెట్ ముక్క ఇంకా బీరువాలో దాచారు. దాన్ని ఫ్రేమ్ కట్టించి ఫోటో కింద పెడతాం. స్క్రీన్ పక్క గోడ మొత్తం స్కూలు పిల్లలకే వదిలేశాను. ఖోఖో టీం ఫోటో మీ దగ్గర ఉందా?

రిటైర్డ్_పీఈటీ:

ఉంది బాబూ, కొంచెం రంగు పోయింది. ఆదివారం తెస్తాను. అందులో ఎడమ చివర కప్పు పట్టుకుని నిలబడ్డ పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, మీ హోటల్‌కి రెండు వీధుల అవతలే ఉంటోంది. తననీ పిల్లల్నీ వెంటపెట్టుకుని వస్తాను, వెనకాల ఒక టేబుల్ ఉంచండి.