హార్మోన్‌కు ‘నకలు’ అందామా, ‘పోలిక’ అందామా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి):
మాది ఆమదాలవలస పక్క పల్లె. షుగరు వల్ల వచ్చే కంటి జబ్బు గురించి ఊళ్ళో చదివి వినిపించడానికి ఒక పేజీ రాస్తున్నాను. అందులో రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) కణాల మీద ల్యాబులో పరీక్షించిన ఆక్ట్రియోటైడ్ అనే మందు ప్రస్తావన ఉంది. అది హార్మోన్ కాదు, హార్మోన్‌లా పనిచేసేలా తయారుచేసింది. ‘హార్మోన్ నకలు’ అని రాసి అమ్మకు వినిపించాను. ‘నకిలీ మందు కంట్లో ఏస్తారేటి?’ అంది. ‘సాదృశ్యకం’ అంటే అసలు వినదు. ఏం రాయమంటారు?

జవాబు (విజయనగరం నుంచి):
అమ్మగారి అనుమానం న్యాయమైనదే. నకలు, నకిలీ రెండూ ఒకే అరబ్బీ మాట నుంచి వచ్చాయి. ఆఫీసులో ఇచ్చే నకలులో అక్షరం కూడా మారకూడదు. ఇక్కడ మార్చడమే అసలు పని.

అసలు హార్మోన్ సొమాటోస్టాటిన్. 1973లో రోజర్ గిల్లెమిన్ అనే శాస్త్రవేత్త ల్యాబులో బయటపడింది. 14 అమైనో ఆమ్లాల (ప్రోటీన్లను కట్టే చిన్న ముక్కల) గొలుసు. రక్తంలో రెండు మూడు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది, అలాంటిది మందుగా ఏం నిలుస్తుంది? అందుకే 8 ఆమ్లాలతో ఆక్ట్రియోటైడ్ తయారుచేశారు. ఇది సగానికి తగ్గడానికి గంటన్నర పైనే పడుతుంది. కణాన్ని పట్టుకునే నాలుగు ఆమ్లాల ముక్క మాత్రం అదే, వాటిలో ఒకటి అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది, అంతే.

బిడ్డ పుడితే ‘తండ్రి పోలిక వచ్చింది’ అంటాం కదా. ఒళ్ళు వేరు, ఆయుష్షు వేరు, ముక్కూ కళ్ళూ తండ్రివి. ఇంతకన్నా సరిపోయే మాట నాకు కనబడలేదు. ‘హార్మోన్ పోలిక మందు’ అని రాయండి.

మళ్ళీ శ్రీకాకుళం నుంచి:
పోలిక అమ్మకు వెంటనే ఎక్కిందండి. కానీ ‘కణాల పెరుగుదలను ఆపుతుంది’ అన్నచోట ఆపేసింది. పెరిగితే మంచిదే కదా, ఎందుకు ఆపడం అంటోంది.

జవాబు:
‘పెరుగుదల’ తీసెయ్యండి. కణం పెద్దదవడం కాదు సంగతి, ఒకటి రెండవడం, రెండు నాలుగవడం. వరి దుబ్బు పిలకలు వేసినట్టు. షుగరు ముదిరితే రెటీనా మీద అక్కర్లేని చోట కొత్త రక్తనాళాలు ఇలాగే పుట్టుకొస్తాయి, అవి చిట్లితే చూపు పోతుంది. ల్యాబులో రెటీనా రక్తనాళాల కణాలను గిన్నెల్లో పెంచి, ఐజీఎఫ్-1 అనే పదార్థం ఇచ్చి, అవి జోరుగా పిలకలేస్తుంటే ఈ మందు కలిపి లెక్కపెట్టారు. సంఖ్య తగ్గింది. ‘ఆపేసింది’ అనకండి, ‘తగ్గించింది’ అనండి. ‘గిన్నెలో’ అన్న మాట కూడా వదలకండి. ఈ జబ్బుకి ఇప్పుడు డాక్టర్లు మామూలుగా చేసేది లేజరు, కంట్లో ఇచ్చే వేరే రకం ఇంజెక్షన్లు. మన పేజీ విని ఎవరైనా ఈ మందు కోసం మెడికల్ షాపుకి పరుగెత్తకూడదు.

శ్రీకాకుళం నుంచి:
ఇలా మార్చాను: ‘కంటి రక్తనాళాల కణాలు గిన్నెలో పిలకలేస్తుంటే, హార్మోన్ పోలిక మందు ఆ జోరు తగ్గించింది. కంట్లో వాడే మందు మాత్రం ఇది కాదు.’ అమ్మ రెండుసార్లు చదివించుకుని, ‘అయితే లేజరుకే ఎళ్ళాలి’ అంది.