తెల్లమెడ రాక్‌ఫౌల్‌ని చూడాలంటే ఎప్పుడు, ఎక్కడ కూర్చోవాలి?

అడవిబాట: ఘనాలో బోన్‌క్రో ఊరి పక్క అడవికి వెళ్తున్నాను. రాక్‌ఫౌల్ అంటున్నారు కదా, ఇది కోడి జాతేనా? బండకి ఉన్న మట్టిగూళ్ళ దగ్గరే ఎందుకు వెతకమంటారు? ఫ్లాష్ వాడొచ్చా?

రాతిగూడు: పేరులోనే కోడి, జాతి మాత్రం పాడే పిట్టల వర్గం. దగ్గరి చుట్టం దక్షిణాఫ్రికాలోని రాక్‌జంపర్ అనే పిట్ట. ఒళ్ళు సుమారు 40 సెంటీమీటర్లు. తల మీద ఈకలు ఉండవు, పసుపుపచ్చని తోలు, కళ్ళ వెనక రెండు నల్లని బిళ్ళలు. గొంతు బొంగురు కాబట్టి పాట విని వెతుకుదామంటే కుదరదు. గినీ నుంచి ఘనా దాకా పశ్చిమాఫ్రికా అడవుల్లోనే ఉంటుంది. ఘనాలో చాలా ఏళ్ళు కనబడక, 2003లో మళ్ళీ దొరికింది.

ఇక గూడు సంగతి. మన వంతెనల కింద వానకోయిల కట్టినట్టే తడిమట్టి, నారపోగులు కలిపి గిన్నెలా బండకు అతికిస్తుంది. బండ ముందుకు వాలి, కింద పొడిగా ఉంటేనే గూడు నిలుస్తుంది. వాననీరు కారితే మట్టి నాని ఊడిపడుతుంది. అలాంటి బండలు తక్కువ కాబట్టి ఏటేటా పాత గూళ్ళనే మరమ్మతు చేసుకుంటుంది, గుడ్లు లేని రోజుల్లోనూ రాత్రి పడుకోడానికి అక్కడికే వస్తుంది. అందుకే అక్కడ చూడమనేది. మామూలుగా రెండు గుడ్లు. జంట వంతులవారీగా పొదుగుతుంది.

చీకటికెమెరా: ఫ్లాష్ వద్దే వద్దు. పొదిగే పిట్ట బెదిరి లేస్తే గుడ్లు చల్లబడతాయి. ఊరివాళ్ళలో ఒకరిని తోడు తీసుకుని మధ్యాహ్నం 3కల్లా చేరండి, పిట్టలు సాధారణంగా 4 దాటాక వస్తాయి. గూటి కిందికి పోకుండా, దూరంగా చెట్టు చాటున కదలకుండా కూర్చోండి. ముదురురంగు బట్టలు వేసుకోండి, కెమెరా చప్పుడు చేయకుండా సైలెంట్ షటర్ పెట్టుకోండి. ఫోకస్ కోసం కెమెరాలో వెలిగే ఎర్రదీపం ఆపేయండి, చాలామంది మరిచేది అదే. వెలుతురు ఎక్కువ లాగే ఎఫ్/2.8 లెన్స్, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు), ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 3200 నుంచి 6400, షటర్ సెకనులో 1/125 వంతుతో మొదలుపెట్టండి. గెంతేటప్పుడు తీస్తే అలికినట్టొస్తుంది. గెంతి రాయి మీదో తీగ మీదో క్షణం ఆగుతుంది, అప్పుడు నొక్కండి.

అడవిబాట: గూటి దగ్గర దొరక్కపోతే?

రాతిగూడు: డ్రైవర్ చీమలు, అంటే బారుగా కదులుతూ వేటాడే చీమల దండు కనిపిస్తే అక్కడ ఆగండి. చీమలకు జడిసి బయటికి పరిగెత్తే పురుగుల్ని, జెర్రుల్ని తినడానికి ఈ పిట్ట దండు వెంట వస్తుంది. ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపుకోండి, బారుకు అడ్డంగా మాత్రం నిలబడొద్దు. చీకటి పడే లోపే వెనక్కి బయల్దేరండి, పిట్టలు గూళ్ళకి చేరే వేళ బండ దగ్గర టార్చి వెలగకూడదు.